ఐదు నోడ్ల వైఫై మెష్: చివరి నోడ్‌కు గాలిలో చోటే దొరకడం లేదు, సొంతంగా టీడీఎంఏ షెడ్యూల్ రాయాలా?

నాలుగో_హాప్ అడిగిన ప్రశ్న:

నమస్కారం అండీ. ఎంటెక్ ప్రాజెక్టు కోసం 802.11ఎస్ మెష్ (నోడ్లే ఒకదాని ప్యాకెట్లను ఒకటి ముందుకు పంపే వైఫై నెట్‌వర్క్) ఒకటి కట్టాను. గొలుసులా వరుసగా గేట్‌వే, ఎ, బి, సి, డి. అన్నీ లినక్స్ బోర్డులే. ఒక్కో బోర్డుకు ఒకటే 5 గిగాహెర్ట్జ్ రేడియో, అన్నీ ఒకే ఛానెల్ మీద ఉన్నాయి. పక్క నోడ్‌తో సిగ్నల్ ఎక్కడా మైనస్ 60 డీబీఎం కంటే కిందికి పోలేదు. ట్రాఫిక్ దాదాపు అంతా నోడ్ల నుంచి గేట్‌వే వైపే వెళ్తుంది.

ఏ లింకును విడిగా ఐపెర్ఫ్ (వేగం కొలిచే సాధనం)తో కొలిచినా 60 ఎంబీపీఎస్ దాకా వస్తోంది. కానీ డి ఒక్కటే గేట్‌వేకు పంపితే 8 దాటడం లేదు. నాలుగూ ఒకేసారి పంపితే మరీ అన్యాయం: ఎ ఒక్కటే 30కి పైగా తీసుకుంటుంది, డి నుంచి ప్యాకెట్ రావడమే గగనం. పవర్ పెంచి చూశాను, ఏమీ మారలేదు.

పంపే ముందు అనుమతి అడిగే ఆర్‌టీఎస్, అనుమతిచ్చే సీటీఎస్ ఆన్ చేస్తే సరిపోతుందా? 802.11ఎస్‌లో ఎంసీసీఏ అని రిజర్వేషన్ పద్ధతి ఉందని చదివాను, అది వాడుకోవచ్చా? లేక సీఎస్ఎంఏను (గాలి ఖాళీగా ఉందో లేదో విని పంపే మామూలు వైఫై పద్ధతిని) నమ్ముకోకుండా సొంతంగా టీడీఎంఏ (ఎవరికిచ్చిన సమయపు స్లాటులో వాళ్లే పంపే పద్ధతి) రాసుకోవాలా? రాస్తే నాలుగు నోడ్లకూ స్లాట్లు సమానంగా పంచితే చాలా? రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

ప్యాకెట్_పిట్ట:

8 రావడం మీ బోర్డుల తప్పు కాదు. ఒకే ఛానెల్ మీద నడిచే గొలుసులో ఎంత వస్తుందన్నది 2001లోనే ఎంఐటీ పరిశోధకులు లెక్కగట్టారు. పొడవైన గొలుసులో ఆదర్శ షెడ్యూల్ ఉంటే లింకు వేగంలో నాలుగో వంతు రావాలి. వాళ్ల సిమ్యులేషన్‌లో 802.11 మాత్రం ఏడో వంతు దగ్గరే ఆగింది. మీ 60లో ఏడో వంతు ఎనిమిదిన్నర. కారణం కూడా వాళ్లే చెప్పారు. గొలుసు కొసన ఉన్న నోడ్‌కు చుట్టూ పోటీ తక్కువ. అది ఖాళీ దొరికినప్పుడల్లా పంపేస్తుంది. మధ్యలో ఉన్నవాటికి రెండు వైపులా పోటీ, కాబట్టి వచ్చినదంతా ముందుకు తోయలేవు. క్యూ నిండి ప్యాకెట్లు పడిపోతాయి.

ఎంసీసీఏ సంగతి మర్చిపోండి. ప్రామాణికంలో అది ఐచ్ఛికం, లినక్స్‌లో వైఫైని నడిపే మ్యాక్80211లో లేదు.

ఆర్‌టీఎస్ విషయంలో మాత్రం అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పలేం, లెక్క చూసుకోవాలి. 6 ఎంబీపీఎస్ మూల రేటులో ఆర్‌టీఎస్‌కు 52 మైక్రోసెకన్లు, సీటీఎస్‌కు 44, మధ్యలో 16 చొప్పున రెండు సిఫ్స్ విరామాలు. మొత్తం 128 మైక్రోసెకన్లు. 54 ఎంబీపీఎస్‌లో 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి పంపడానికే 250 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే విడి ప్యాకెట్లకు ఆర్‌టీఎస్ పెడితే ఖర్చు సగం పెరిగినట్టే. అదే అగ్రిగేషన్ (చాలా ప్యాకెట్లను ఒకే ఫ్రేముగా కట్టి పంపడం) ఆన్‌లో ఉండి ఒక్కో ఫ్రేము మూడు నాలుగు మిల్లీసెకన్లు గాలిలో ఉంటే 128 మైక్రోసెకన్లు లెక్కలోకే రావు. పైగా అంత పొడవు ఫ్రేము మొదట్లోనే ఢీకొంటే ఆ మిల్లీసెకన్లన్నీ వృథా. కాబట్టి థ్రెషోల్డ్ పెట్టి పొడవు ఫ్రేములకే ఆర్‌టీఎస్ వాడండి.

స్లాట్_లెక్క:

నాలుగో_హాప్ గారూ, టీడీఎంఏ రాయాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం తీసుకుని, ఒక రౌండు పూర్తవడానికి గాలిలోకి ఎన్నిసార్లు పంపాలో లెక్కపెట్టండి. నేను చేసే పనే మెష్ షెడ్యూలింగ్. ఈ లెక్క వేయకుండా మొత్తం వేగాన్ని నోడ్ల సంఖ్యతో భాగించేసి, తర్వాత రేడియోను తిట్టుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నాలుగు నోడ్లూ తలా ఒక ప్యాకెట్ పుట్టించాయనుకోండి. డి నుంచి సికి 1. సి నుంచి బికి 2, ఒకటి తనది, ఒకటి డిది. బి నుంచి ఎకి 3. ఎ నుంచి గేట్‌వేకు 4. మొత్తం 10 ప్రసారాలు. నోడ్లు నాలుగే, కానీ పని పది. మీ షెడ్యూల్ పుట్టాల్సింది ఈ పదిలోంచి.

ఇప్పుడు ఈ పదిలో ఏవైనా రెండు ఒకేసారి జరగవచ్చా? ఎ పంపుతుంటే బి పంపలేదు, ఎందుకంటే దాని గమ్యం ఎయే. సి పంపితే అది బి దగ్గర అందుకోవాలి, కానీ పక్కనే ఎ మాట్లాడుతోంది, చెడిపోతుంది. మిగిలింది డి నుంచి సి. ఎ మాటలు సి దాకా వినపడకపోతే ఆ రెండూ కలిసి నడుస్తాయి, అప్పుడు 9 స్లాట్లు చాలు. కానీ రేడియోకు రెండు దూరాలుంటాయి: ప్యాకెట్‌ను చదవగలిగే దూరం, పక్కవాళ్ల ప్యాకెట్‌ను చెడగొట్టగలిగే దూరం. రెండోది ఎప్పుడూ పెద్దది. పైన చెప్పిన ఎంఐటీ సిమ్యులేషన్‌లోనే మొదటిది 250 మీటర్లు, రెండోది 550. మీ సిగ్నల్ ఇంత బలంగా ఉందంటే ఎ గొంతు సి దగ్గర గట్టిగానే వినిపిస్తుంది. కాబట్టి పదికి పదీ విడివిడిగానే జరగాలనుకోండి. పవర్ పెంచితే ఏమీ మారలేదన్నారు కదా, మారదు. పవర్ పెంచితే చదివే దూరంతో పాటు చెడగొట్టే దూరమూ పెరుగుతుంది.

కాబట్టి నలుగురూ సమానంగా పంపితే ఒక్కొక్కరికి 60లో పదో వంతు, 6 ఎంబీపీఎస్. ఏ షెడ్యూల్ రాసినా ఈ టోపాలజీలో, ఒకే రేడియోతో, ఇంతకు మించి రాదు. ఐపెర్ఫ్ చూపిన 60లో బ్యాక్‌ఆఫ్ (పంపే ముందు కాసేపు ఆగడం), అక్నాలెడ్జ్‌మెంట్ ఖర్చులు ముందే కలిసి ఉన్నాయి కాబట్టి ఈ 6 కాగితం మీది అంకె కాదు, దగ్గరదాకా చేరగలిగే అంకె.

ఇక మీరడిగిన సమాన స్లాట్ల మాట. నాలుగు నోడ్లకూ నాలుగో వంతు సమయం ఇస్తే ఎకి 15 ఎంబీపీఎస్ దక్కుతుంది. ఆ 15లో అది నలుగురి భారం మోయాలి, అంటే తలా 3.75. అటు డికి ఇచ్చిన 15లో మూడొంతులు ఖాళీగా పోతుంది. పైకి న్యాయంగా కనిపించే పంపకం అందరి వాటానూ తగ్గించింది. స్లాట్లు నోడ్లకు కాదు, లింకుల బరువును బట్టి ఇవ్వాలి: 4, 3, 2, 1.

డి ఎందుకు ఎండిపోతోందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఎ దగ్గర పుట్టిన ప్యాకెట్‌కు క్యూలో చేరడానికి గాలి ఖర్చే లేదు, అప్లికేషన్ నుంచి నేరుగా దిగిపోతుంది. డి ప్యాకెట్ మాత్రం మూడుసార్లు గాలిలో పోరాడి అదే క్యూ దగ్గరికి వచ్చేసరికి చోటుండదు. పడిపోయిందంటే ఆ మూడు ప్రసారాలూ దండగ. పైగా గేట్‌వే, బి ఒకదానికొకటి సరిగా వినపడకపోతే అవి ఎ దగ్గర ఢీకొంటాయి. ప్రతి ఢీకీ బి కంటెన్షన్ విండో (మళ్లీ పంపే ముందు ఎన్ని చిన్న స్లాట్ల దాకా ఆగాలో చెప్పే హద్దు) రెట్టింపవుతుంది: 15, 31, 63, అలా 1023 దాకా. 9 మైక్రోసెకన్ల సీఎస్ఎంఏ స్లాటుతో 1023 అంటే సగటున నాలుగున్నర మిల్లీసెకన్ల నిరీక్షణ. టీసీపీ అయితే గేట్‌వే నుంచి వెనక్కి వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్లే బిని కొట్టేస్తుంటాయి.

కాబట్టి కోడ్ ముట్టుకోకముందు ఒక పని చేయండి. ప్రతి నోడ్‌లో ఆ నోడ్ సొంత ట్రాఫిక్‌ను మాత్రం టీసీ షేపర్ (లినక్స్‌లో వేగానికి హద్దు పెట్టే సాధనం)తో కట్టేయండి. 3 ఎంబీపీఎస్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఫార్వర్డ్ అయ్యేదాన్ని కట్టేయకూడదు, అది ఇప్పటికే గాలి ఖర్చు పెట్టి వచ్చింది. గాలి నిండా నిండకపోతే సీఎస్ఎంఏ మర్యాదగానే ప్రవర్తిస్తుంది. ఎ నోరు కొంచెం కడితే డికి ప్రాణం వస్తుందని నా గట్టి నమ్మకం. చేసి చెప్పండి.

ఇంకో మాట. ఎ, సిలకు రెండో రేడియో పెట్టగలిగితే, రెండో ఛానెల్ తీసుకోండి. చాలామంది హాప్ మార్చి హాప్ ఛానెల్ మారుస్తారు: ఒకటి, మూడు లింకులు ఒక ఛానెల్, రెండు, నాలుగు ఇంకో ఛానెల్. బరువులు చూడండి: 4 ప్లస్ 2 ఆరు, 3 ప్లస్ 1 నాలుగు. ఫ్రేము, అంటే స్లాట్ల ఒక పూర్తి రౌండు, 6 స్లాట్లు. అలా కాకుండా మొదటి లింకును, నాలుగో లింకును ఒక ఛానెల్‌లో పెట్టి, మధ్య రెండూ ఇంకో ఛానెల్‌లో పెడితే 5, 5. ఫ్రేము సరిగ్గా సగమైంది, పైగా బికి రెండో రేడియో అక్కర్లేదు. హాప్‌ల వరుస కాదు చూడాల్సింది, బరువు. అయితే ఒకే పెట్టెలో రెండు రేడియోలు పక్కపక్క ఛానెళ్లలో పెట్టొద్దు, ఒకటి పంపేటప్పుడు రెండోదాని చెవి మూసుకుపోతుంది. యాంటెన్నాలను ఎడంగా పెట్టి, ఛానెళ్లను బాగా దూరంగా తీసుకోండి.

పది_మిల్లీ:

నాది సెన్సర్ మెష్‌ల వైపు అనుభవం, వైఫై కాదు. అయినా టైమింగ్ విషయంలో పనికొస్తుందని రాస్తున్నా.

మా దగ్గర సెన్సర్ రేడియోల ప్రామాణికం, 2012లో వచ్చిన 802.15.4ఇలోని టీఎస్‌సీహెచ్ (గడియారం ప్రకారం స్లాట్లలో ఛానెల్ మారుస్తూ పంపే పద్ధతి) వాడతాం. మామూలుగా స్లాటు 10 మిల్లీసెకన్లు, 2.4 గిగాహెర్ట్జ్‌లో 16 ఛానెళ్ల మీద ప్రతి స్లాటుకూ గెంతుతూ పోతుంది. అక్కడ షెడ్యూల్ కంటే గడియారమే ఎక్కువ ఏడిపిస్తుంది. గడియారపు క్రిస్టల్ ఒక్కోటి 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తప్పితే, ఇద్దరి మధ్య తేడా సెకనుకు 40 మైక్రోసెకన్ల దాకా రావచ్చు. సెకనుకోసారి సరిచూసుకుంటే 10 మిల్లీసెకన్ల స్లాటులో 100, 200 మైక్రోసెకన్ల గార్డ్ (స్లాటు అంచున వదిలే ఖాళీ) చాలు, ఒకటి రెండు శాతమే నష్టం. అర నిమిషం వదిలేస్తే ఆ తేడా మిల్లీసెకను దాటుతుంది.

మీ 802.11ఎస్‌లో ఒక మెలిక ఉంది. నోడ్లన్నిటికీ ఒకే టీఎస్ఎఫ్ (వైఫై గడియారం) విలువ ఉండదు. ప్రతి నోడ్ పక్క నోడ్‌తో తన తేడా ఎంతో గుర్తుపెట్టుకుంటుంది, అంతే. కాబట్టి గేట్‌వే గడియారాన్ని మూలంగా తీసుకుని, ఎ నుంచి బి, బి నుంచి సి అలా తేడాలు కలుపుకుంటూ పోవాలి. హాప్ హాప్‌కూ పొరపాటు పేరుకుంటుంది, గార్డ్ ఎంతో డి దగ్గర కొలిచి నిర్ణయించండి.

రెండోది, ఫ్రేములో కనీసం ఒక్క స్లాటు అందరిదీగా వదిలేయండి. రూటింగ్ సందేశాలు, కొత్తగా చేరే నోడ్ పిలుపు అందులోనే పోతాయి. స్లాట్లన్నీ డేటాకే రాసేస్తే ఒక లింకు తెగిన రోజున కొత్త షెడ్యూల్ పంపడానికే దారి ఉండదు. టీఎస్‌సీహెచ్ షెడ్యూళ్లలో ఈ షేర్డ్ స్లాటు తప్పకుండా పెట్టుకుంటాం.

నాలుగో_హాప్:

అందరికీ చాలా థాంక్స్ అండీ. స్లాట్_లెక్క గారు చెప్పినట్టు షేపర్ పెట్టాను. తలా 4 ఎంబీపీఎస్ దగ్గర డి నుంచి కూడా పూర్తిగా 4 వస్తోంది! 5కు పెంచితే డికి మళ్లీ లాస్ మొదలవుతోంది. అగ్రిగేట్ ఫ్రేములకు ఆర్‌టీఎస్ కూడా పెట్టాను, బి రీట్రైలు బాగా తగ్గాయి.

కానీ డి ఆలస్యం నిలకడగా లేదు. మామూలుగా తక్కువే, ఉన్నట్టుండి వందల మిల్లీసెకన్లకు ఎగిరిపోతుంది. మా గైడ్ గారేమో మ్యాక్స్-వెయిట్ షెడ్యూలింగ్ చేసి చూపించమంటున్నారు. అది దీనికి మందేనా?

స్లాట్_లెక్క:

4 వచ్చిందంటే గాలిలో 60కి 40 పనికొచ్చే పనికే పోతోంది. సీఎస్ఎంఏ నుంచి ఇంత రాబట్టడం మంచి ఫలితం, రిపోర్టులో గర్వంగా రాయండి.

మ్యాక్స్-వెయిట్ మీద నాకు ఎనలేని గౌరవం. 1992లో టసియులాస్, ఎఫ్రెమిడిస్ చూపించింది ఏమిటంటే, ఒక్కో లింకుకు రెండు చివర్ల క్యూల తేడాను బరువుగా తీసుకుని, ఒకదానికొకటి అడ్డురాని లింకుల్లో మొత్తం బరువు ఎక్కువయ్యే గుంపును ప్రతి స్లాటులో ఎంచుకుంటే, అసలు ఏ షెడ్యూలైనా మోయగలిగిన భారాన్ని ఇది కూడా మోస్తుందని. రేపు ఎంత ట్రాఫిక్ వస్తుందో ముందే తెలియనక్కర్లేదు. అంత శక్తి ఉన్న ఫలితం ఈ రంగంలో అరుదు. పెద్ద మెష్‌లో ఆ గుంపును ఎంచడమే గండం, సాధారణంగా అది ఎన్‌పీ-హార్డ్ (త్వరగా తేల్చే పద్ధతి తెలియని) లెక్క. మీ గొలుసులో లింకులన్నీ ఒకదానికొకటి అడ్డే కాబట్టి గుంపులో ఒక్క లింకే ఉంటుంది. క్యూల తేడాను లింకు వేగంతో గుణించి, పెద్దది వచ్చిన లింకుకు స్లాటు ఇస్తే అయిపోయింది. గైడ్ గారికి చూపించడం కష్టం కాదు.

కానీ ఆలస్యానికి అది మందు కాదు. ప్యాకెట్ ముందుకు కదలాలంటే వెనక క్యూ ముందు క్యూ కంటే పెద్దదై ఉండాలి. అంటే డి నుంచి గేట్‌వే దాకా క్యూలు మెట్లుమెట్లుగా పేరుకోవాలి. ట్రాఫిక్ తక్కువగా ఉన్నప్పుడు ఆ మెట్లు కట్టడానికే సమయం పోతుంది. మీ ట్రాఫిక్ నిలకడగా ఉంది, టోపాలజీ మారదు. మీకు కావాల్సింది స్థిరమైన ఫ్రేము, అందులో సరైన వరుస.

వరుస ఎందుకంటున్నానో చూడండి. 10 మిల్లీసెకన్ల స్లాట్లు పది, ఫ్రేము 100 మిల్లీసెకన్లు. గేట్‌వే వైపు నుంచి రాశారనుకోండి: ముందు ఎకి 4, తర్వాత బికి 3, సికి 2, చివర డికి 1. డి తన ప్యాకెట్‌ను పదో స్లాటులో పంపుతుంది. సి వంతు అప్పటికే అయిపోయింది, తర్వాతి ఫ్రేములో పంపుతుంది. బి దాని తర్వాతి ఫ్రేములో, ఎ ఆ తర్వాతి దానిలో. డి నోరు తెరిచిన దగ్గర్నుంచి గేట్‌వే చేరేసరికి 200 మిల్లీసెకన్లు దాటిపోతాయి. అవే స్లాట్లను తిరగేయండి: డికి 1, సికి 2, బికి 3, ఎకి 4. ప్యాకెట్ ఆగకుండా ఒకే ఫ్రేములో గేట్‌వే చేరుతుంది, ఫ్రేము ముగిసేసరికి ఏ క్యూలోనూ ఏమీ మిగలదు. స్లాట్ల సంఖ్య అదే, వేగం అదే, ఒక్క వరుస మారింది. ఇది మొదటిసారి గ్రాఫులో చూసినప్పుడు కలిగే ఆనందం వేరు, మీరూ గీసి చూడండి.

అమలు చేసేటప్పుడు సీఎస్ఎంఏను తీసేయొద్దు. క్యారియర్ సెన్స్ ఆపేసే డిజైన్లు ఉన్నాయి, 2005లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ప్రతిపాదించిన 2పీ అలాంటిదే. అది డైరెక్షనల్ యాంటెన్నాలతో దూర లింకుల కోసం, ఒక నోడ్ అన్ని లింకుల మీదా కలిసి పంపి, కలిసి వినడానికి. మీ ఓమ్నీ (అన్ని వైపులా పంపే) యాంటెన్నాలకు ఆ అవసరం లేదు. సాఫ్ట్‌వేర్ క్యూను మాత్రం స్లాటు మొదట్లో తెరవండి, చివర్లో ఆపండి. కింద సీఎస్ఎంఏ అలాగే ఉంటే బయటి వైఫై ఏదైనా అడ్డొచ్చినా, గడియారం కొంచెం తప్పినా నెట్‌వర్క్ కూలిపోదు. క్యూ తెరిచి మూసే పని యూజర్‌స్పేస్ స్క్రిప్టుకు అప్పగించకండి, లోడ్ పడగానే అది ఆలస్యంగా లేస్తుంది. కెర్నల్‌లో హెచ్ఆర్‌టైమర్ (కచ్చితమైన టైమర్) వాడండి.

ఒక్క జాగ్రత్త. క్యూ మూసినా హార్డ్‌వేర్‌లోకి దిగిపోయిన ఫ్రేములు వెళ్తూనే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఒక అగ్రిగేట్ ఫ్రేము ఐదున్నర మిల్లీసెకన్ల దాకా సాగవచ్చు, అది మీ స్లాటులో సగం. అగ్రిగేట్ పొడవును మిల్లీసెకనుకు కుదించి, స్లాటు ముగియడానికి అంతకంటే కాస్త ముందే క్యూ ఆపండి. పది_మిల్లీ గారు చెప్పిన షేర్డ్ స్లాటు పదకొండోదిగా పెట్టుకోండి, టీసీపీ వాడితే గేట్‌వే నుంచి వెనక్కి వచ్చేవాటికి కూడా ఎ, బి, సి వరుసలో కిందికి దిగే స్లాట్లు కొన్ని కలపాలి. షేపర్‌ను మాత్రం తీసేయకండి. టీడీఎంఏ నడుస్తున్నా ఎ తన నాలుగు స్లాట్లనూ సొంత ప్యాకెట్లతోనే నింపేయగలదు. వీలైతే ఎ లోపల మూలం వారీగా వేరు క్యూలు పెట్టి వంతులవారీగా తీయండి, అప్పుడు షేపర్ అంకెను 4 నుంచి పైకి జరపవచ్చు.